తాతల ఓడ నిజమేనా? కోరంగి పాత లెక్కల కట్ట దొరికింది, చదవడానికి సాయం కావాలి

కోరంగి_మనవడు
మా ఇంట్లో నాలుగు తరాలుగా ఒకటే మాట. "మనకి కోరంగిలో ఓడలుండేవి, ఉప్పెనలో పోయాయి." కోరంగి అంటే కాకినాడ దగ్గరి పాత రేవు. పెళ్ళికి వెళ్ళినా, తద్దినానికి వెళ్ళినా ఇదే కథ. ఓడల సంఖ్య మాత్రం చెప్పేవాళ్ళని బట్టి మారుతుంది. మా పెదనాన్న 3 అంటారు, మేనత్త 12 అంటుంది.

పోయిన నెల పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద రేకు పెట్టె దొరికింది. అందులో ఎర్రగుడ్డలో చుట్టిన రెండు కట్టలున్నాయి. మొదటి కట్ట విప్పాను. లెక్కలే. అక్షరాలు తెలుగే కానీ మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు, కూడబలుక్కుని చదవాల్సి వస్తోంది. ఈ ముక్కలు తీసుకుని ఒక రికార్డుల ఆఫీసుకి వెళ్తే "ఏడాది, శాఖ, ఫైలు నంబరు రాసివ్వండి" అన్నారు. అవి తెలిస్తే నేను అంతదూరం ఎందుకు వెళ్తాను? రెండు రోజులు సెలవు పెట్టుకుని ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

ఒక పేజీ ఫొటో పెడుతున్నా. నాకు అర్థమైనంతలో ఇలా ఉంది:

"వికారి సం భాద్రపద శు 10. రంగము ఓడ రేవు రూ 32. పెద్ద ఓడ । వాటా రూ 410."

రంగం అంటే శ్రీరంగమా? గుడికి ఏమైనా ఇచ్చారా? మా వాళ్ళకి నిజంగా ఓడ ఉండేదా? ఆ ఒక్కటీ తేలితే చాలు.

నీలిసిరా
ముందు ఒక మాట. ఆ కాగితాలకి సెల్లోటేపు వెయ్యకండి, లామినేషన్ చేయించకండి, ఎండలో పెట్టకండి. మిగతావన్నీ తర్వాత.

సుబ్బు_1987
శ్రీరంగం కాదన్నా, రంగం అంటే రంగూన్. మా అమ్మమ్మ ఇప్పటికీ "మా తాత రంగం వెళ్ళాడు" అంటుంది.

బందరు_బాబాయ్
సుబ్బు చెప్పింది కరెక్ట్. బర్మాలో తెలుగువాళ్ళకి "కొరంగీలు" అన్న పేరు ఈ రేవు నుంచే వచ్చింది. మన జిల్లాలవాళ్ళు ఎక్కడివాళ్ళయినా అక్కడ కొరంగీలే. 1930 మే నెలలో రంగూన్ రేవులో అల్లర్లయినప్పుడు దెబ్బతిన్న కూలీలు వాళ్ళే. ఊరి పేరు జాతి పేరయింది, తర్వాత తిట్టు కూడా అయింది.

పాలకొల్లు_పద్మ
మీకు కట్టయినా దొరికింది. మా పుట్టింటివాళ్ళు ఇల్లు మారేటప్పుడు రెండు గోనెసంచుల పాత లెక్కల పుస్తకాలు తూకానికి అమ్మేశారు. నేనప్పుడు ఏడో తరగతి. నెలరోజుల పాటు వీధి చివర కొట్లో శనగల పొట్లాలు మా తాతల చేతిరాతతో వచ్చాయి. ఒక్క పొట్లం కాగితం దాచుకున్నాను. దాని మీద "నీలి సలాంపూర్లు" అన్న రెండు మాటలున్నాయి. అవి ఎగుమతికి నేయించే బట్ట పేరని పెద్దయ్యాక తెలిసి చాలా ఏడ్చాను.

కోరంగి_మనవడు
పద్మగారూ, చదువుతుంటే గుండె పిండేసినట్టయింది. మా అమ్మ కూడా ఈ కట్టలు "చెదలు పట్టినవి, తీసెయ్" అంది మొదట.

లెక్కల_మాస్టారు
ఫొటో పెద్దది చేసి చూశాను. మీరు రెండు చోట్ల పొరబడ్డారు. రెండూ అసలు కీలకమైనవే.

మొదటిది. "ఓడ రేవు" కాదు, "ఓడ కేవు". పై గీత దగ్గర కలం ఎలా తిరిగిందో చూడండి. అదే పేజీలో కింద "కార్తీకం" అన్న మాటలో 'క' ఉంది, పక్కన పెట్టి పోల్చండి. కేవు అంటే పడవకీ ఓడకీ ఇచ్చే కిరాయి. అంటే రంగం వెళ్ళే ఓడలో సరుకు వేసి 32 రూపాయలు కిరాయి కట్టారు. సొంత ఓడైతే కిరాయి ఎందుకు కడతారు?

రెండోది. "పెద్ద ఓడ" తర్వాత ఉన్న నిలువుగీతని మీరు వాక్యం చివర పెట్టే దండ అనుకున్నారు. అది అంకె. పాత తెలుగు లెక్కల్లో భిన్నాలు నాలుగేసి వంతులుగా నడిచేవి. నిలువుగీత ఒకటుంటే పావు, రెండుంటే అర, మూడుంటే ముప్పావు. అడ్డగీత ఒకటుంటే వీసం, అంటే 16లో ఒక వంతు. రూపాయి లెక్కలో నిలువుగీత నాలుగణాలు, అడ్డగీత అణా. మా నాన్నగారి కొట్లో 1960ల దాకా గుమస్తాలు ఇలాగే రాశారు. ఈ గుర్తులన్నీ ఇప్పుడు యూనికోడ్‌లో కూడా ఉన్నాయి.

కాబట్టి రెండో పద్దు "పెద్ద ఓడ పావు వాటా".

సుబ్బు_1987
మాస్టారూ, ఒక్క గీతలో పావు ఓడ ఉందా!

కోరంగి_మనవడు
చేతులు వణుకుతున్నాయి. అంటే ఓడ ఉన్నట్టా, లేనట్టా?

లెక్కల_మాస్టారు
ఒక ఓడలో కిరాయికి సరుకు పంపారు, ఇంకో ఓడలో పావు వాటా ఉంది. 12 ఓడలు కావు, అలాగని గాలి కబుర్లూ కావు.

రేవు_రాఘవ
వాటా ఉండటం చిన్న సంగతేం కాదు. ఒక్కడే ఓడంతా కొని, సరుకంతా దాన్లోనే నింపడం అప్పట్లో తెలివితక్కువ పని. తుఫాను వస్తే ఇంటిల్లిపాదీ వీధిన పడతారు. నాలుగు ఓడల్లో నాలుగు పావులు ఉన్నవాడే నిలబడేవాడు. బీమా లాంటిదన్నమాట.

తీరం_కథలు
ఓడల యజమానులు అసలు లేరని ఎవరూ అనుకోకూడదని ఇది రాస్తున్నా. నాకు ఈ విషయం ప్రాణం, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1600ల మొదట్లో మద్రాసుకి ఉత్తరాన ఉన్న పులికాట్ రేవు డచ్చివాళ్ళ కాగితాల్లో "మలయ" అనే కుటుంబం పేరు పదే పదే వస్తుంది. అచ్యుతప్ప చెట్టి, ఆయన తమ్ముడు చిన్నన్న చెట్టి. డచ్చివాళ్ళకి దుబాసీగా (మాట తర్జుమా చేసేవాడిగా), దళారీగా మొదలై సొంత ఓడలు బర్మా వైపు అరకాన్‌కి, పెగూకి, మలయా తీరానికి నడిపారు. అచ్యుతప్ప 1634లో పోయాడు. చిన్నన్న ఆ తర్వాత పాతికేళ్ళు వ్యాపారంలోనూ, చంద్రగిరిలోని విజయనగర రాజుల రాజకీయాల్లోనూ చక్రం తిప్పాడు. మద్రాసులో ఇంగ్లీషు కంపెనీకి పెద్ద వర్తకుడు కాశీ వీరన్న, 1680లో పోయాడు. ఇంగ్లీషువాళ్ళ పుస్తకాల్లో ఆయన "కాసా వెరోనా". తెలియనివాళ్ళు చూస్తే ఇటలీ మనిషి అనుకుంటారు! బందరులో పారశీక వర్తకుల ఓడలు సరేసరి. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకే సొంత ఓడలుండేవి.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. వీళ్ళ సొంత లెక్కల పుస్తకాలు ఈ రోజు మన చేతిలో లేవు. వీళ్ళ గురించి మనకి తెలిసింది చాలావరకు వీళ్ళతో బేరమాడినవాళ్ళు రాసుకున్న పుస్తకాల్లోంచే. అందుకే మీ కట్ట అంత విలువైనది. అది మన మనిషి, మన అక్షరాల్లో, తన కోసం రాసుకున్నది.

పాలకొల్లు_పద్మ
డచ్చివాళ్ళ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. పాలకొల్లులో వాళ్ళ ఫ్యాక్టరీ, అంటే వర్తక స్థావరం, ఉండేది కదా, మా వాళ్ళ పేర్లు దొరుకుతాయా? దానికి నెదర్లాండ్స్‌లోని హేగ్ వెళ్ళాలా?

తీరం_కథలు
వెళ్ళక్కర్లేదు పద్మగారూ. హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డచ్చి కంపెనీ కాగితాలు వరసగా పేరిస్తే కిలోమీటరు పైనే ఉంటాయి. 2003లో యునెస్కో మెమరీ ఆఫ్ ది వరల్డ్ జాబితాలో చేరాయి. అందులో ఆసియా నుంచి వెళ్ళిన ఉత్తరాలు, నివేదికలు దాదాపు 50 లక్షల పేజీలు స్కాన్ చేశారు. గ్లోబలైజ్ అనే ప్రాజెక్టు వాళ్ళు ఆ చేతిరాతని కంప్యూటర్‌తో చదివించి వెతుక్కునేలా పెట్టారు. ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

కానీ ఇంటిపేరుతో వెతికితే ఏమీ రాదు. డచ్చి గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. ఊరి పేరుతో మొదలుపెట్టండి. పాలకొల్లు "పాలికోల్" అయింది, ద్రాక్షారామం "దాట్జెరోమ్" అయింది. తర్వాత సరుకు పేరు వెయ్యండి. మీ పొట్లం కాగితంలోని సలాంపూర్ వాళ్ళ కాగితాల్లో కుప్పలుగా ఉంటుంది. ఊరూ సరుకూ కలిసినచోట పేర్లు చూడండి. ఒక్కో పేరునీ గట్టిగా పైకి చదవండి. కంటికి తెలియనిది చెవికి తెలుస్తుంది.

పాలకొల్లు_పద్మ
సరుకు పేరుతో వెతకొచ్చని నాకు తట్టనే లేదు. ఇవాళ రాత్రే కూర్చుంటా.

ఎగ్మోర్_ప్రయాణం
ఇక్కడ చిన్న అభ్యంతరం. మనవడుగారు ఇవన్నీ చదివి డచ్చి కాగితాల మీద పడిపోతే నెలలు వృథా. డచ్చివాళ్ళు 1825లో ఈ తీరం మొత్తం ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. ముందు ఆయన కట్ట ఏ సంవత్సరానిదో తేలాలి. వికారి 60 ఏళ్ళకోసారి వస్తుంది. 1779, 1839, 1899. మూడింట్లో ఏది?

లెక్కల_మాస్టారు
లెక్క రూపాయల్లో ఉంది. మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) సర్కారు లెక్కలు వరహాల నుంచి రూపాయలకి మారింది 1818లో. 1779 అయితే వరహాలు, రూకలు లాంటి పాత నాణేలు కనపడాలి. 1899 నాటికి కోరంగి రేవు మేట వేసి పడుకుంది, వ్యాపారమంతా కాకినాడ పట్టుకుపోయింది. నా ఓటు 1839కే.

నీలిసిరా
ఖాయం చేసుకోవడానికి ఇంకో దారి. కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూడండి. విలాయతీ కాగితమైతే లోపల నీటిముద్ర ఉంటుంది. 1794 తర్వాత ఇంగ్లీషు మిల్లులు చాలావరకు తయారైన సంవత్సరాన్ని ముద్రలోనే వేసేవి. నాటు కాగితమైతే ముద్రేమీ కనపడదు, పీచు మాత్రం కనపడుతుంది.

కోరంగి_మనవడు
చూశా! చాలా పేజీల్లో ఏమీ లేదు. చివర్లో రెండు పేజీలు మాత్రం నున్నగా ఉన్నాయి. సెల్‌ఫోన్ లైటు వెనక పెడితే ఒక కిరీటం బొమ్మ సగం, దాని కింద 1836 కనపడింది. మా అమ్మని పిలిచి చూపించా. "చెదలు పట్టినవి" అన్న మనిషి ఇప్పుడు ఆ పెట్టెని పూజగదిలో పెట్టమంటోంది.

నీలిసిరా
అమ్మగారికి దండాలు. కానీ పూజగది వద్దు, హారతి పొగా నూనె చేతులూ తగులుతాయి. చెక్క బీరువాలో తెల్లటి నూలుగుడ్డలో చుట్టి పెట్టండి.

ఎగ్మోర్_ప్రయాణం
1836 కాగితం మీద వికారి అంటే 1839-40. తేలిపోయింది. ఇప్పుడు ఎక్కడ వెతకాలో చెప్తా. గోదావరి జిల్లా అని అడక్కండి, అది 1859లో ఏర్పడింది. 1839లో కోరంగి రాజమండ్రి జిల్లా కింద ఉంది. ఆ పేరుతో అడిగితేనే రికార్డు బయటికొస్తుంది. మద్రాసు బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్ (పన్నుల బోర్డు రికార్డులు) చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. సముద్ర సుంకాల వ్యవహారం అందులో వస్తుంది. ముందు ఇండెక్స్ సంపుటం తెప్పించుకోండి, 1839, 1840 రెండూ. నేను నాలుగేళ్ళలో పదకొండుసార్లు వెళ్ళాను. మొదటి రెండుసార్లు మీలాగే ఉత్త చేతులతో వచ్చాను. మూడోసారి ఇండెక్స్ పట్టుకోవడం నేర్చుకున్నాక పని జరిగింది.

సుబ్బు_1987
1839 అంటే కోరంగి మహా ఉప్పెన వచ్చిన ఏడాదే కదా! 3 లక్షల మంది పోయారని నెట్‌లో అంతటా ఉంది.

బందరు_బాబాయ్
ఉప్పెన నిజం తమ్ముడూ, 1839 నవంబరు. ఆ 3 లక్షల లెక్క మాత్రం నమ్మకు. దాని పక్కనే 20 వేల ఓడలు మునిగాయని కూడా రాస్తారు. ఆ చిన్న రేవులో 20 వేల ఓడలు ఎక్కడ పడతాయి? అంతకు ముందు 1789 డిసెంబరులో కూడా మూడు అలలు వరసగా వచ్చి ఊరిని ఊడ్చేశాయి. జనం నోట్లో రెండూ కలిసిపోయాయి. మా బందరు ఉప్పెన 1864 నవంబరు 1 రాత్రి, 30 వేల మంది పోయారు. మా ఇళ్ళలో పాత కాగితం ఎందుకు లేదంటే అందుకే. కోటవైపు డచ్చివాళ్ళ సమాధి రాళ్ళు మిగిలాయి, మన తాటాకులూ కాగితాలూ మాత్రం నీళ్ళపాలయ్యాయి.

రేవు_రాఘవ
మొదటి కట్ట చివరి పద్దు ఏ నెలది మనవడుగారూ?

కోరంగి_మనవడు
వికారి కార్తీక శు 14. ఆ తర్వాత తెల్ల పేజీలు నాలుగున్నాయి. వాటి మీద ఏమీ రాయలేదు.

సుబ్బు_1987
ఒళ్ళు జలదరించింది.

లెక్కల_మాస్టారు
ఆ ఏడాది దీపావళి అమావాస్య నవంబరు 6 ప్రాంతం. ఉప్పెన నవంబరు 25. అంటే కార్తీక బహుళంలో. మీ పద్దులు ఆగింది దానికి నాలుగైదు రోజుల ముందు. అయినా తొందరపడొద్దు. పుస్తకం రాయడం ఆగడానికి వంద కారణాలుంటాయి. గుమస్తా మానేసి ఉండొచ్చు, జబ్బు పడి ఉండొచ్చు.

రేవు_రాఘవ
మాస్టారి జాగ్రత్త మంచిదే. కానీ ఇంకో సంగతి చూడండి. కేవు కట్టింది భాద్రపదంలో, అంటే సెప్టెంబరు నడిమి. నైరుతి గాలి తగ్గకముందే బర్మా వైపు సాగాలి, ఈశాన్య గాలి పట్టుకుని చలికాలం చివర తిరిగి రావాలి. ఆ ఓడ అనుకున్నట్టు సాగి ఉంటే ఉప్పెన నాటికి రంగంలో ఉండాలి. కోరంగిలో కాదు.

కోరంగి_మనవడు
అంటే మా ఇంట్లో చెప్పే "ఉప్పెనలో ఓడ పోయింది"?

రేవు_రాఘవ
పెద్ద ఓడ కూడా అప్పుడే బయలుదేరిందో లేదో ఆ పేజీ ఒక్కటే చెప్పలేదు. రెండో కట్ట విప్పారా?

కోరంగి_మనవడు
లేదండీ. మడత దగ్గర అంటుకుపోయి ఉంది, లాగితే చిరుగుతుందని భయం.

నీలిసిరా
లాగకండి. తడపకండి కూడా, సిరా పరుచుకుపోతుంది. పలచటి వెదురుబద్దని నున్నగా గీకి, కాగితాల మధ్య ఓ మూల నుంచి కొద్దికొద్దిగా జరపండి. ఊడి రానిచోట వదిలేసి ఇంకో మూలకి వెళ్ళండి. రోజుకి రెండు పేజీలు చాలు.

తీరం_కథలు
ఈలోగా పాత ఓడరేవు మోటుపల్లి గుర్తు చేస్తా. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం ఓడ వర్తకుల కోసమే. అంతకుముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవాళ్ళు. మేము సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆయన రాతి మీద రాయించాడు. సుంకం 30కి ఒక వంతు. మునిగిన ఓడవాడి బాధ రాజుకి అర్థమైందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

దీపశిఖ_ర
అందరూ గర్వంగా మాట్లాడుకుంటున్నారు, నాకూ సంతోషంగానే ఉంది. కానీ పద్మగారు డచ్చి కాగితాల్లో వెతుకుతూ ఒక రోజు తప్పకుండా ఇంకో మాట చూస్తారు. బానిసలు. కరువొచ్చిన ఏళ్ళలో ఈ తీరం నుంచే మనుషుల్ని కొని బటావియాకి (ఇప్పటి జకార్తాకి) పంపారు. బట్టల బేళ్ళు రాసిన కాగితాల్లోనే మనుషుల సంఖ్య కూడా రాశారు. వాళ్ళ పేర్లు ఎక్కువచోట్ల లేవు. వర్తకుల వంశవృక్షం రాసుకునేటప్పుడు ఆ పేజీలు దాటేసి వెళ్ళకండి.

రేవు_రాఘవ
అది కంపెనీవాళ్ళ పాపం కదా, మన వర్తకుల మీద వెయ్యడం న్యాయమా?

దీపశిఖ_ర
ఎవరి మీదా వెయ్యడం లేదు. కానీ కొన్నవాడికి అమ్మినవాడూ ఉంటాడు, మధ్యలో దళారీ ఉంటాడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదవమంటున్నా, అంతే.

తీరం_కథలు
దీపశిఖగారు చెప్పింది నిజం రాఘవగారూ. నేను పైన అంత పొడుగు రాసి ఆ సంగతి రాయలేదు. రాసి ఉండాల్సింది.

పాలకొల్లు_పద్మ
మూడు రాత్రులు కూర్చున్నా. "పాలికోల్" కింద సలాంపూర్ల ఒప్పందం ఒకటి దొరికింది. పేర్లు పైకి చదివి మా అన్నయ్యకి ఫోన్‌లో వినిపించాను. ఒకటి మా ఇంటిపేరులా ఉంది అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు, ఇంకా చూస్తా. దీపశిఖగారూ, మీరన్న పేజీ కూడా ఒకటి చూశాను. దాన్నీ రాసి పెట్టుకున్నా.

కోరంగి_మనవడు
పది రోజులు పట్టింది. రెండో కట్ట మొదటి పేజీ ఇవాళ మధ్యాహ్నం విడిపోయింది, మూల ఒక్కటే చిరిగింది. ఈసారి ఒక్కో అక్షరం పక్క పేజీతో పోల్చుకుని చదివాను. మాస్టారూ, తప్పుంటే దిద్దండి:

"వికారి సం మాఘ శు 5. జగన్నాథపురం. పెద్ద ఓడ రంగము నుంచి వచ్చినది. టేకు దుంగలు 64. మన వంతు 16."

కోరంగి అన్న మాట ఎక్కడా లేదు. చేతిరాత కూడా వేరే ఎవరిదో.

లెక్కల_మాస్టారు
తప్పు లేదు. 64లో పావు 16. సరిగ్గా మీ వాటా.

సుబ్బు_1987
ఓడ మునగలేదన్నా! తిరిగొచ్చింది!

బందరు_బాబాయ్
జగన్నాథపురం అంటే ఇప్పటి కాకినాడలోదే. కోరంగి వదిలేసి రెండున్నర నెలలకే అక్కడికి వచ్చేశారన్నమాట. ఓడ మిగిలింది. మరి పోయిందేమిటి?

కోరంగి_మనవడు
అదే ఆలోచిస్తున్నా బాబాయ్. మొదటి కట్ట రాసిన చెయ్యి రెండో కట్టలో ఇప్పటిదాకా కనపడలేదు. మా మేనత్తకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మా ఇంట్లో కార్తీక బహుళంలో ఒక తద్దినం ఉండేదని, ఎవరిదో వాళ్ళ అమ్మకి కూడా తెలియదని, "ఓడాయన తద్దినం" అని మాత్రం అనేవాళ్ళని చెప్పింది.

నీలిసిరా
మిగతా పేజీలు నిదానంగా తియ్యండి. పొద్దుటి వెలుతురులో, కిటికీ పక్కన, ఏటవాలు కాంతిలో ఫొటోలు తీసి పెట్టండి. మేమంతా ఇక్కడే ఉంటాం.

కోరంగి_మనవడు
రేపు పొద్దున్నే రెండో పేజీ మొదలుపెడతా. మేనత్త కూడా బస్సెక్కి వస్తోంది, పక్కన కూర్చుంటానంది.